పాత చీర, పాల కవరు, తుప్పు మేకు: గోడకు వేలాడే నేత

ఘనాలో పుట్టి, నైజీరియాలోని న్సుక్కాలో పాఠాలు చెప్పిన ఎల్ అనాట్సుయి, మద్యం సీసాల అల్యూమినియం మూతలను రాగి తీగతో కలిపి గోడంత వస్త్రాలు చేశాడు. 2015లో వెనిస్ బియెన్నాలే ఆయనకు జీవిత సాఫల్య గోల్డెన్ లయన్ ఇచ్చింది. ఆయన మూతను దాచడు, అది మూతగానే కనిపిస్తుంది. ఇంట్లో మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేదీ అదే. పాల కవరును పాల కవరుగానే కనిపించనివ్వండి.

1. గుడ్డ ఏదో ముందు తేల్చుకోండి. ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, సింకు దగ్గర కాల్చండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది. పాలిస్టరైతే కరిగి పూసలా గట్టిపడుతుంది. 5వ చిట్కాకు నూలే కావాలి.

2. అసలు వెండి జరీ ఉన్న పట్టుచీరకు కత్తెర పెట్టకండి. పీలికలు దర్జీ కొట్టులో దొరుకుతాయి.

3. మగ్గానికి పాత ఫోటో ఫ్రేము చాలు. పైపట్టీకీ కిందిపట్టీకీ సెంటీమీటరు ఎడంగా మేకులు కొట్టి, గట్టి నూలుదారంతో పడుగు కట్టండి. పేకగా ఏదైనా వాడొచ్చు. పేకను బిగించి లాగితే అంచులు లోపలికి గుంజుకుపోతాయి. వంపుగా వదిలి, దువ్వెనతో కిందికి నొక్కండి.

4. పాల కవర్లను సబ్బునీళ్లతో లోపలంతా కడగండి, కొవ్వు మిగిలితే కంపు కొడుతుంది. పైనా కిందా అతుకులు కోసేసి, గొట్టాన్ని అడ్డంగా రెండు వేళ్ల వెడల్పు చుట్లుగా కత్తిరించండి. ఒకదాంట్లో ఒకటి దూర్చి లాగితే తాడు సాగుతూ పోతుంది. ఇస్త్రీపెట్టెతో కరిగించి అతికించే పని మాత్రం వద్దు, ఆ పొగ మంచిది కాదు.

5. నాకు అన్నిటికంటే ఇష్టమైనది తుప్పు అద్దకం. వెనిగర్ కలిపిన నీళ్లలో తడిపిన నూలుగుడ్డను తుప్పు మేకులకు బిగించి చుట్టి, కవరులో పెట్టి ఒకటి రెండు రోజులు వదిలేయండి. చేతికి గ్లోవ్స్ తప్పనిసరి. విప్పితే నారింజ, గోధుమ రంగు మచ్చలు. అదే గుడ్డను ముందు కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఆరబెడితే మచ్చలు నల్లగా తేలతాయి. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు వచ్చేదీ ఇలాగే: కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద, ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్లతో గీస్తారు. పని అయ్యాక వంటసోడా నీళ్లలో జాడించండి. తుప్పు కాలక్రమంలో నూలును తినేస్తుంది కాబట్టి వెనక మరో గుడ్డ వేసి కుట్టండి.

6. పసుపుతో అద్దింది ఎండ తగిలితే వెలిసిపోతుంది. నీడలో తగిలించండి.

7. అమ్మమ్మల బొంతకుట్టే అన్నిటినీ కలుపుతుంది. కుట్లన్నీ ఒకే పొడవు ఉండనక్కర్లేదు. అమెరికాలో అలబామాలోని గీస్ బెండ్ ఆడవాళ్లు, పొలం పనిలో అరిగిన ప్యాంట్లతో కూడా బొంతలు కుట్టారు. 2002లో ఆ ఊరి బొంతలు న్యూయార్క్ విట్నీ మ్యూజియం గోడలెక్కాయి. మోకాలి అతుకులు, వెలిసిన జేబు గుర్తులు వాటిలో అలాగే ఉన్నాయి.

8. పైఅంచు వెనక గుడ్డతో గొట్టం కుట్టి, కర్ర దూర్చి తగిలించండి. మేకులకు నేరుగా గుచ్చితే బరువంతా రెండు మూలల మీదే పడి నేత సాగిపోతుంది.