ఏకాదశీ నిర్ణయము - గణితాధారములు

ఏకాదశినాడు ఉపవసించుట వైష్ణవ గృహస్థులకు నిత్యవిధి. అయినను హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో ఒకే ఇంట రెండు పంచాంగములున్నచో, ఒక్కొక్కప్పుడు ఉపవాసదినము రెండు విధములుగా కనబడును. ఏది గ్రాహ్యమో తెలియవలెనన్న, ఆ గణితమునకు ఆధారమేమో ముందు విచారింపవలెను.

చంద్రుడు సూర్యునినుండి 12 అంశలు ముందునకు సాగు కాలమే తిథి. ఇరువురి స్ఫుటములనుండియు అయనాంశ సమముగా తీసివేయబడుటచే, ఆ వివాదము తిథిని తాకదు. నక్షత్ర సంక్రమణములనే తాకును. తిథిభేదమునకు కారణము వేరు. సూర్యసిద్ధాంతాది గ్రంథములచే సాధించిన తిథ్యంతమునకును, ఆకాశమున సరిచూచిన దృక్తిథ్యంతమునకును కొన్ని వేళల గంటల అంతరముండును.

దృగ్గణితమునకు రాష్ట్రీయ పంచాంగము మంచి ఆధారము. మేఘనాథ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన సంఘము 1955లో నివేదిక నొసగగా, 1957 నుండి కేంద్రప్రభుత్వము దీనిని ప్రకటించుచున్నది. ఇది తెలుగునను వెలువడినది. గడియారపు కాలములో చెప్పిన తిథ్యంతము దేశమంతటికిని ఒక్కటే.

సూర్యోదయమట్లు కాదు. ఉదయమునకు ముందు 4 ఘడియలు, అనగా 96 నిమిషములు, అరుణోదయము. అప్పటికి దశమి మిగిలియున్నచో ఆ ఏకాదశి విద్ధ. ఉపవాసము ద్వాదశికి మారును. మార్చి విషువ దినమున రాజమహేంద్రవరమున సుమారు 6-07కు, హిందూపురమున 6-24కు సూర్యోదయము. అరుణోదయములు వరుసగా 4-31, 4-48. అట్టి దినమున దశమి 4-40కి ముగిసినదనుకొందము. అచట అది విద్ధ, ఇచట శుద్ధ! మన మూడు ఊళ్ళ నడుమ మాత్రము తేడా సుమారు రెండు నిమిషములే.

కావున పంచాంగము చేపట్టగానే పీఠికలో మూడు విషయములు చూడుడు: గణితము సిద్ధాంతమా, దృక్కా? సూర్యోదయము ఏ ఊరిది? తిథ్యంతము ఘడియలలోనా, గంటలలోనా? ఘడియలైనచో ఆ పంచాంగపు ఊరి సూర్యోదయమునకు కలిపి గంటలుగా మార్చుకొని, పిమ్మట మన ఊరి అరుణోదయముతో పోల్చవలెను. మన ఉదయమునకే ఆ ఘడియలను కలిపినచో లెక్క తప్పును.

ఏ గణితము గ్రాహ్యమన్నది ఆచార్యులు నిర్ణయింపవలసినది. వారంగీకరించిన దానినే సంవత్సరమంతయు అనుసరింపవలెను. పారణ సౌకర్యమునకై ఒక మాసమొక పంచాంగమును, మరుమాసము వేరొకదానిని పట్టుట వ్రతము కాదు. ఇంటిల్లిపాదియు ఒకేనాడు ఉపవసించి, ఒకేనాడు తులసీతీర్థము గ్రహించుట శ్రీహరికి ప్రీతికరము.