పిలుపును ఎట్లు తెలిసికొందుము?

చదువవలసిన భాగములు: నిర్గమ. 31:1-6, అపొ. కా. 18:1-4

ప్రియులారా, పరీక్షా ఫలితములు వచ్చిన దినమున మన అడవులదీవి వంటి గ్రామములలో ఒక ఇంట సంతోషము, మరియొక ఇంట దుఃఖము. ఉద్యోగము దొరకినవానినే దేవుడు పిలిచెనని తలంచుచున్నాము. ఇది సరియైన తలంపేనా?

బెసలేలు కొయ్యను, లోహమును పనిచేయువాడు. దేవుడు వానిని పేరుపెట్టి పిలిచి తన ఆత్మతో నింపెను. పౌలు ధర్మశాస్త్రము చదివినవాడైనను డేరాలు కుట్టుటకు సిగ్గుపడలేదు.

డాక్టరు అన్నా కుగ్లరమ్మగారు 1883లో గుంటూరు వచ్చిరి. వైద్యము చదివినను ఆమెకు మొదట స్త్రీల మధ్య బోధనపని ఇయ్యబడెను. ఆమె దానిని నమ్మకముగా చేసిరి. 1885లో వైద్యసేవకు నియమింపబడిరి. 1898లో ఆసుపత్రి తెరవబడెను. కనిపెట్టిన కాలము వ్యర్థము కాలేదు.

తలిదండ్రులారా, పరీక్ష తప్పిన బిడ్డను పనికిరానివాడని అనకుడి. వాని చేతిలోని నేర్పును చూడుడి. ఆడబిడ్డ చదువును నడుమ మాన్పింపకుడి.

యౌవనులారా, మిమ్మును మీరే ప్రశ్నించుకొనుడి:

1. దేవుడు నాకిచ్చిన నేర్పు ఏది?
2. నా పొరుగువాని అక్కర ఏది?
3. నేడు నా చేతిలోనున్న పనిని నమ్మకముగా చేయుచున్నానా?

ప్రార్థన: ప్రభువా, మా బిడ్డలను మా ఆశలకు కాక నీ పనికి సిద్ధపరచుటకు మాకు జ్ఞానము దయచేయుము. ఆమేన్.