పాదం కొలత పంపు

తెనాలి,
ఆదివారం సాయంత్రం

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఉత్తరమంటే ఉత్తరమా అది, సెల్లులో నాలుగు ముక్కలు. "పీజీ సీటు వదిలేద్దామనుకుంటున్నా పెద్దమ్మా, అమ్మకి చెప్పకు" అని. నేనేమీ చెప్పలేదు. మీ అమ్మే మొన్న ఫోన్ చేసి, "అది సీటు వదిలేస్తుందట, నీకేమైనా చెప్పిందా అక్కా" అని అడిగింది. నీ రూమ్మేట్ చెబితే వాళ్ళమ్మకి తెలిసిందట, వాళ్ళమ్మ చెబితే మీ అమ్మకి తెలిసిందట. మన ఇళ్ళల్లో రహస్యం ఎన్నాళ్ళు ఆగుతుందో తెలుసుగా. నేను మాత్రం "అలాగా" అని ఊరుకున్నాను.

సెల్లులో టైపు చేసే ఓపిక నా వేళ్ళకి లేదు. కాగితం మీద రాసి, పక్కింటి పిల్ల చేత ఫొటోలు తీయించి పంపిస్తున్నాను. పడుకుని చదువు. వార్డులో గోడకి ఆనుకుని, ఒంటికాలి మీద నిలబడి చదవకు.

"నా బతుకు ఆ కొరియా సీరియల్లో పిల్లలకన్నా కనాకష్టంగా ఉంది" అన్నావు కదా. ఆ కనాకష్టమేంటో చూద్దామని పక్కింటి పిల్లని పిలిచి పెట్టించాను. రెసిడెంట్ ప్లేబుక్. 12 భాగాలు, ఒక్కోటీ సినిమా అంత. ఆ పిల్ల కొరియన్ నేర్చుకుంటోందిలే, పాటల పిచ్చితో మొదలైంది. కింద ఇంగ్లీషు అక్షరాలు నాకు అందకుండా పరిగెడుతుంటే ఆపి చదివి పెట్టింది. ఐదు రోజులు పట్టింది. మీ పెదనాన్నకి రెండు రోజులు పచ్చడి మెతుకులే.

బాగానే తీశారు. నలుగురు ఫస్టియర్ పీజీలు, నలుగురిదీ గైనకాలజీ, అచ్చం నీలాగే. ఆ సా-బి ఉంది చూడూ, పరీక్షలో దేశానికే ఫస్టు, పేషెంటు ముందుకెళ్తే మాత్రం పుస్తకం అప్పజెప్పినట్టు చెబుతుంది. అలాంటి వాళ్ళని నా నర్సు సర్వీసులో డజను మందిని చూశాను. జే-ఇల్ అని ఒకప్పుడు స్టేజీల మీద పాటలు పాడి డాన్సులు చేసిన కుర్రాడు, ఎన్ని తిట్లు తిన్నా మళ్ళీ ముందుకే వస్తాడు. వాడు నాకు నచ్చాడు. అసలు కథ ఆ ఇ-యంగ్‌ది. ఒకసారి వదిలేసి వెళ్ళిన పిల్ల, అప్పు నెత్తిన పడితే మళ్ళీ వచ్చి చేరింది. దానికి అప్పు, నీకు సీటు వదిలితే కట్టాల్సిన బాండు. నువ్వు దాంట్లో నిన్ను చూసుకున్నావని నాకు అర్థమైంది.

దాని అక్క మొగుడి తమ్ముడు దో-వన్ అదే ఆసుపత్రిలో ఫోర్తియర్. ఇద్దరూ ఉండేదీ ఒకే ఇంట్లో. మనసు కలిసింది కానీ వియ్యాలవారి అబ్బాయి కదా, నలుగురూ ఏమనుకుంటారో అని ఒకటే నలగడం! నాకు నవ్వాగలేదు. మన దగ్గరైతే అక్క మరిది, చక్కటి వరస, రెండో భాగానికే లగ్నం పెట్టించేవాళ్ళు. అక్కచెల్లెళ్ళు తోడికోడళ్ళయితే ఇంటికి అంతకన్నా ఏం కావాలి? ఇదంతా ఎందుకు రాస్తున్నానో నాకే తెలీదు. పెళ్ళి గురించి కాదు, భయపడకు.

అందరూ ఆ సీరియల్ వాళ్ళ ముఖాలు చూస్తే నేను పాదాలు వెతుక్కున్నాను. పక్కింటి పిల్ల "అమ్మమ్మా, ఏడుస్తోంది చూడండి" అంటుంది. "ఏడవనీ, కాళ్ళకి ఏం తొడిగిందో ఆపి చూపించు" అంటాను నేను. ముప్పయ్యారేళ్ళు లేబర్ రూముల్లో నిలబడ్డ దాన్ని. పై నుంచి కింద దాకా మనిషిని చూసే అలవాటు నాకు లేదు, కింద నుంచి పైకి చూస్తాను.

దసరాకి వచ్చినప్పుడు నీ చెప్పులు చూశాను బుజ్జీ. పలచటి అట్టలాంటి అడుగు, వేళ్ళు బయటికి, మడమ దగ్గర పట్టీ లేదు. "డ్యూటీకి ఇవేనా" అంటే "ఫ్రీగా ఉంటాయి పెద్దమ్మా" అన్నావు. నేను ఆ రోజే మాట్లాడాల్సింది. పండగపూట ఎందుకులే అని ఊరుకున్నాను.

ఇప్పుడు చెబుతాను, విను. లేబర్ రూములో నేల ఎప్పుడూ తడే. ఉమ్మనీరు, నెత్తురు, సెలైను, బెటాడిన్. వేళ్ళు బయటికున్న చెప్పులో ఇవన్నీ దిగుతాయి. పైగా సూది కింద పడితే ఎటు పడుతుందో దేవుడికే ఎరుక. ముందు మూసి ఉండాలి, వెనక పట్టీ ఉండాలి, తాడు ఉండకూడదు, నీళ్ళతో కడిగితే పోవాలి. రెండు జతలు ఉండాలి, ఒకటి ఆరుతుంటే ఒకటి తొడుక్కోవడానికి. లోపల నూలు మేజోళ్ళు, సంచీలో ఇంకో జత. తడిసిన మేజోడుతో ఆరు గంటలు నిలబడితే వేళ్ళ సందుల్లో ఒరుపు పట్టుకుంటుంది, అది చిన్న విషయం కాదు. పిక్కలకి బిగుతు మేజోళ్ళు కొనుక్కో. వాటిని పొద్దున మంచం దిగకముందే తొడగాలి, కాళ్ళు వాచాక తొడిగితే ఏం లాభం? కుట్లు వేసేటప్పుడు స్టూలు మీద కూర్చునే వెయ్యి. కూర్చోవడం బద్ధకమని ఎవరైనా అంటే నా పేరు చెప్పు. డ్యూటీ దిగాక పదినిమిషాలు కాళ్ళు గోడకి పైకి పెట్టి పడుకో. నిలబడ్డప్పుడు పిక్కలు కదలకపోతే నెత్తురు కిందే ఆగిపోతుంది, ఇది నీకు మొదటేడే చెప్పుంటారు, పరీక్ష రాసి మర్చిపోయుంటావు. నేను పరీక్ష రాయలేదు, ఒంటి మీద రాయించుకున్నాను. 2006లో రెండు కాళ్ళలో ఉబ్బిన నరాలు తీయించుకునే ముందు మంచం పక్కన కూర్చుని, ఆ నీలం గీతలు వేలితో లెక్కపెట్టింది నువ్వే. "పెద్దమ్మా, నీ కాళ్ళ మీద కృష్ణానది మ్యాపు ఉంది" అన్నావు. ఏడేళ్ళ దానివి.

నువ్వు చిన్నప్పుడు నా తెల్ల బూట్లు వేసుకుని వసారాలో టకటకా తిరిగేదానివి, గుర్తుందా? మీ అమ్మ తిడితే మంచం కింద దాక్కునేదానివి, బూట్లు మాత్రం బయటికి కనిపించేవి.

ఏదో చెప్పబోయి ఎటో పోతున్నాను. 1983 ఆగస్టు. ఏ ఊరో ఏ ఆసుపత్రో ఇప్పుడెందుకు. వాన. కాన్పయిన అరగంటకి ఒకావిడకి నెత్తురు ఆగడం లేదు. రాత్రి డ్యూటీలో నేనూ, ఒక ఆయా, ఒక ఫస్టియర్ డాక్టరమ్మా. పెద్ద డాక్టరుకి కబురెళ్ళింది. డాక్టరమ్మ చేతులు గడ్డకట్టినట్టు నిలబడిపోయింది. "అమ్మా, పొట్ట మీద చెయ్యేసి గట్టిగా రుద్దండి, గర్భసంచి రాయిలా అయ్యేదాకా ఆపకండి" అని చెప్పి బ్లడ్ బ్యాంకుకి పరిగెత్తాను. అది ఆవరణకి ఆ చివర. అప్పట్లో నెత్తురు గాజు సీసాల్లో వచ్చేది. తిరిగొస్తుంటే హవాయి చెప్పు బద్ద ఊడింది. సీసా పడిపోతుందని రెండు చెప్పులూ అక్కడే వదిలేసి ఉత్త కాళ్ళతో వచ్చాను. ఆ పరుగులో పగిలిన మందు గొట్టం మీద కాలేశాను, తెలియనే లేదు. వరండాలో నెత్తుటి అడుగులు చూసి ఆయా "ఇంకో పేషెంటు ఎవరే తల్లీ" అని వెతుక్కుంటూ వచ్చింది. ఆ పేషెంటుని నేనే.

ఆవిడ బతికింది. వాళ్ళాయన వారం తరవాత గంపెడు సపోటాలు తెచ్చాడు. కాలు కింద పెట్టలేని నన్ను మీ పెదనాన్న సైకిలు వెనక కూర్చోబెట్టుకుని డ్యూటీకి దింపేవాడు. అప్పటికి మా పెళ్ళయి మూడు నెలలు. ఆ సపోటాల్లో సగం ఆయనే తిన్నాడు.

అది కాదు నేను చెప్పదలుచుకున్నది. ఆ డాక్టరమ్మ. నలభై నిమిషాలు రుద్దీ రుద్దీ మోచేతుల దాకా తిమ్మిరెక్కి, తెల్లారుజామున మెట్ల మీద కూర్చుని "సిస్టర్, మొదటి బస్సుకి ఊరెళ్ళిపోతాను, నా వల్ల కాదు" అంది. "వెళ్ళండమ్మా, ముందు కాళ్ళు కడుక్కుని పడుకోండి" అన్నాను. పడుకుంది. సాయంత్రం నాలుక్కి లేచి వచ్చి "కొత్త కేసులేమొచ్చాయి" అని అడిగింది.

తరవాత ఆమె చాలా పెద్ద గైనకాలజిస్టు అయిందని చెప్పి నిన్ను ఊరించను. ఆరు నెలలు చేసి, శుభ్రంగా ఆలోచించుకుని నిజంగానే వదిలేసింది. చర్మవ్యాధుల డాక్టరయింది. మొన్నటిదాకా సంక్రాంతికి కార్డు పంపేది, సుఖంగా ఉంది. కాబట్టి వదలద్దని నేను అనను. రాత్రి మూడింటికి, వాచిన కాళ్ళ మీద నిలబడి నాకు మెసేజి పెట్టావే, ఆ గంటలో మాత్రం ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. మెసేజి మీద టైము పడుతుంది తల్లీ, పెద్దమ్మకి ఆమాత్రం తెలుసు.

ఆ సీరియల్ వెనక ఇంకో కథ ఉంది, పక్కింటి పిల్ల చెప్పింది. నిజానికి 2024 మే నెలలో రావాల్సింది. అంతకుముందు ఫిబ్రవరిలో అక్కడి ప్రభుత్వం మెడికల్ సీట్లు 3,058 నుంచి ఒక్కసారిగా 2,000 పెంచుతామంది. అంతే, ట్రైనింగులో ఉన్న డాక్టర్లు 9,000 మందికి పైగా రాజీనామాలు ఇచ్చేసి ఆసుపత్రుల నుంచి బయటికొచ్చేశారు. ఆపరేషన్లు ఆగిపోయాయి. ఆ కోపాల మధ్య ముద్దొచ్చే డాక్టర్ల కథ ఎవరు చూస్తారు? తీసిపెట్టిన దాన్ని దాచిపెట్టి 2025 ఏప్రిల్లో వేశారు. సీట్లూ 2026కి మళ్ళీ ఆ 3,058కే వచ్చాయట. ఎవరిది ఒప్పో ఇక్కడ కూర్చుని నేను తీర్పు చెప్పలేను. ఆ 9,000 మందిలో కంటినిండా నిద్రపోయి లేచి సంతకం పెట్టినవాళ్ళు ఎంతమందా అనే నా అనుమానం. అక్కడ వాళ్ళ పని వారానికి 80 గంటలు మించకూడదని చట్టమే ఉందట. చట్టంలోనే 80! మన దగ్గర 1992లో ఢిల్లీ నుంచి వచ్చిన ఆదేశంలో 48 అని రాసుంది. అప్పుడు నేను సర్వీసులోనే ఉన్నాను. మా డాక్టర్లు ఆ కాగితం చదువుకుని నవ్వుకుని మళ్ళీ వార్డుకి వెళ్ళారు. 2024లో మీ నేషనల్ మెడికల్ కమిషన్ వేసిన కమిటీ 74 మించద్దంది. నీవి ఎన్నో లెక్కపెట్టుకున్నావా?

తమాషా ఏంటంటే, ఆ కొరియాలో కనేవాళ్ళే తగ్గిపోయారు. 2023లో ఒక్కో ఆడదానికి లెక్కేస్తే 0.72 పిల్లలు. తొట్టెలు ఖాళీ అవుతున్న దేశంలో ఆ నలుగురూ కాన్పులు చేయడం నేర్చుకుంటున్నారు. నీ దగ్గర ఒకే మంచం మీద ఇద్దరు నెప్పులు పడుతుంటారు. అందుకే వాళ్ళని చూసి నిన్ను నువ్వు కొలుచుకోకు. వాళ్ళకి ఏడవడానికి మెట్లు ఖాళీగా ఉంటాయి, నీకు మెట్ల మీద కూడా పేషెంట్ల చుట్టాలే.

ఇంకొకటి. మీ డ్యూటీ రూము తలుపుకి లోపల గడియ ఉందా? ఉంటే పడుతుందా? 2024 ఆగస్టులో కలకత్తా ఆసుపత్రిలో ఆ పీజీ డాక్టరు పిల్లకి జరిగిన ఘోరం విన్నప్పటి నుంచి మీ అమ్మ రాత్రిళ్ళు లేచి కూర్చుంటోంది, నీకు చెప్పదు. ముప్పయ్యారు గంటలు చేసి ఎక్కడో ఒక చోట ఒరిగిన పిల్ల. గడియ లేకపోతే నీ దగ్గర సిస్టర్లకి చెప్పు, వాళ్ళు పడుకునే చోట పడుకో. నువ్వు వాళ్ళని పేరు పెట్టి పిలుస్తున్నావా, "సిస్టర్" అని కేకేస్తున్నావా? ఆయాలకి టీ ఇప్పించు. నీ చీఫ్ తిట్టిన రోజు నీ ముందు నిలబడేది వాళ్ళే.

అన్నట్టు ఆ సీరియల్ అసలు పేరు ఇంగ్లీషు పేరులాగా లేదట. "ఎప్పటికో ఒకప్పటికి తెలివి తెచ్చుకోబోయే పీజీ బతుకు" అని కొరియన్లో అర్థమట. ఆ "ఎప్పటికో ఒకప్పటికి" ఇంగ్లీషులో ఎగిరిపోయిందని పక్కింటి పిల్ల ఒకటే బాధ. నాకూ నచ్చింది. ఫస్టియర్లో ఎవరికీ తెలివి ఉండదు బుజ్జీ. నాకు 1983లో ఉంటే హవాయి చెప్పులతో వెళ్ళేదాన్నా?

వచ్చే నెల మూడు రోజులు సెలవు పెట్టి రా. వదిలేద్దామన్నా సరే, ఉందామన్నా సరే, ఇక్కడ పడుకుని లేచి చెప్పు. మీ అమ్మని నేను చూసుకుంటాను. గోంగూర వేసి పెడతాను. ఎవరూ ఏమీ అడగరు. మీ పెదనాన్న అడగబోతాడు, నేను కాలు తొక్కుతాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ

తా.క. బజార్లో చెప్పుల కొట్టు అబ్బాయితో మాట్లాడాను, నేను చెప్పిన రకం తెప్పిస్తానన్నాడు. ఒక తెల్లకాగితం నేల మీద పెట్టి, దాని మీద నిలబడి, పాదం చుట్టూ పెన్సిలుతో గీసి ఫొటో పంపు. పక్కన స్కేలు పెట్టడం మర్చిపోకు. రెండు కాళ్ళూ గియ్యి, నీకు చిన్నప్పటి నుంచీ ఎడమది కాస్త పెద్దది. పొద్దున పూట గియ్యకు, డ్యూటీ దిగి వచ్చాక గియ్యి.