కోరుకొండ మెట్లు – కండర శక్తి

రాజమహేంద్రవరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, పొలాల నడుమ నిలిచిన కొండ కోరుకొండ. దాని శిఖరాన లక్ష్మీనరసింహస్వామి ఆలయం ఉన్నది. స్వామిని దర్శింపగోరిన భక్తుడు నిటారుగా సాగిన కొన్ని వందల మెట్లను ఎక్కక తప్పదు. ఉత్సవ దినాలలో ఆ మెట్ల వద్ద నిలిచి చూచినవారికి ఒక విశేషం గోచరిస్తుంది. మొదటి పది మెట్లను అందరూ అవలీలగా ఎక్కుతారు. మరికొన్ని మెట్లు గడిచేసరికి తొడలు బరువెక్కుతాయి, ఊపిరి వేగమవుతుంది. ఆపై నిదానించి నడిచేవారికి శ్వాస ఒక లయకు వచ్చి, అడుగు వెంట అడుగు సాగిపోతుంది. ఒకే శరీరం, ఒకే మెట్లు. మరి ఈ మూడు దశలెందుకు? ఈ ప్రశ్నకు సమాధానం కనుగొన్నవారిలో ఒకరు గోదావరి మండలంలోనే జన్మించారు. నేడు ఇంటింటా వినవస్తున్న మధుమేహానికీ ఆ సమాధానానికీ దగ్గరి చుట్టరికం ఉన్నది.

ఇరవయ్యవ శతాబ్ది తొలి పాదంలో కండర చలనాన్ని గురించి శాస్త్రజ్ఞుల ఊహ మరొక విధంగా ఉండేది. కండరంలో నిలువయున్న గ్లైకోజన్ అనే పిండిపదార్థం లాక్టిక్ ఆమ్లంగా మారుతుందనీ, ఆ ఆమ్లమే కండరాన్ని సంకోచింపజేస్తుందనీ వారు భావించారు. కండర శరీరధర్మంపై పరిశోధించిన ఆర్చిబాల్డ్ హిల్, ఒట్టో మేయర్‌హాఫ్‌లకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. ఇట్టి ప్రతిష్ఠ గల సిద్ధాంతాన్ని కదిలించిన పరిశోధనలలో ఒకటి యల్లాప్రగడ సుబ్బారావుగారిది.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. బాల్యంలో చదువుపై మనసు నిలువలేదు. మెట్రిక్యులేషన్ పరీక్షను మూడవ యత్నంలో గాని గట్టెక్కలేకపోయారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివేనాడు గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు ధరించారు. అది ఆంగ్లేయుడైన శస్త్రచికిత్సాచార్యునికి రుచించలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు, అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఖద్దరు కట్టిన చేతికి కత్తి పదును తగ్గుతుందా అని మనకు తోచవచ్చు. ఆనాటి అధికారానికి అట్లు తోచలేదు! కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు చేసిన ధనసహాయంతో ఆయన 1923లో అమెరికాలోని బోస్టన్ నగరం చేరుకొన్నారు. రాత్రివేళ ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం, పగలు చదువు. తరువాత హార్వర్డ్ వైద్య కళాశాల జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కేతో కలిసి పరిశోధన ప్రారంభించారు.

వారిరువురూ ముందుగా చేసినది చూపులకు సామాన్యమైన పని. రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతిని 1925లో రూపొందించారు. భాస్వరపు లవణం ఉన్న ద్రవంలో తగిన రసాయనాలను చేర్చినప్పుడు నీలివర్ణం వస్తుంది. నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. లోకమంతటా ప్రయోగశాలలు స్వీకరించిన ఈ పద్ధతి నేటికీ ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగానే ప్రసిద్ధం. దీనిని కండర రసానికి వర్తింపజేసినప్పుడు ఒక చిక్కు ఎదురైంది. నీలిరంగు వెంటనే రావలసినంత రాలేదు. కొంతసేపు గడిచేకొలదీ క్రమంగా చిక్కబడసాగింది. మరొకరైతే దీనిని పద్ధతిలోని లోపంగా భావించి విడిచిపెట్టి ఉండేవారేమో. వీరు ఆ ఆలస్యాన్నే వెంబడించారు. కండరంలో ఏదో అస్థిర పదార్థం ఉన్నది, అది ఆమ్లంలో మెల్లమెల్లగా విరిగి భాస్వరాన్ని విడుస్తున్నది అని గ్రహించారు. క్రియాటిన్, భాస్వరం జతకూడిన ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. పిల్లి కండరాన్ని విద్యుత్తుతో ఉత్తేజపరచినప్పుడు అది తరిగిపోయింది; విశ్రాంతినిచ్చినప్పుడు తిరిగి పెరిగింది. 1927లో ఈ విషయాన్ని ప్రకటించారు. అదే సంవత్సరం ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడ స్వతంత్రంగా ఈ పదార్థాన్ని గుర్తించారు. 1929లో ఫిస్కే, సుబ్బారావులు కండరం నుండి ఏటీపీ అనే మరొక పదార్థాన్ని వేరుచేశారు. అప్పుడే జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దానిని కనుగొన్నాడు. ఒకే సత్యం రెండు తలుపులు తట్టడం శాస్త్రచరిత్రలో అరుదు కాదు. సమస్త జీవకణాలలోను శక్తిని చేరవేసే నాణెం ఏటీపీయేనని క్రమంగా తేలింది.

ఇప్పుడు మెట్ల వద్ద కనిపించిన మూడు దశలను పరిశీలించవచ్చు. కండరంలో సిద్ధంగా ఉన్న ఏటీపీ కొన్ని క్షణాలకు మాత్రమే సరిపోతుంది. అది తరగకుండ ఫాస్ఫోక్రియాటిన్ తన భాస్వరాన్ని దానం చేసి ఏటీపీని పునరుద్ధరిస్తుంది. ఈ దానం కూడ సుమారు పది సెకన్ల ముచ్చట. మొదటి మెట్లలోని అవలీల దాని ఫలమే. అనంతరం గ్లైకోజన్ విరగడం మొదలవుతుంది. ప్రాణవాయువు చాలినంతగా అందేవరకు ఆయాసం తప్పదు. గుండె, ఊపిరితిత్తులు వేగం పుంజుకొని ప్రాణవాయువును సమృద్ధిగా అందించిన పిమ్మట చక్కెర, కొవ్వు నిదానంగా దహనమై, నడక లయకు వస్తుంది. ఈ దశలు ఒకదాని వెనుక ఒకటి వరుస కట్టి నిలిచేవి కావు; అన్నీ ఒకేసారి మొదలై, ఒక్కొక్కప్పుడు ఒక్కొక్కటి ప్రధానమవుతుంది.

మరి మధుమేహానికీ దీనికీ సంబంధమేమి? పెద్దవారి రక్తమంతటిలో ఒక్కసారిగా ప్రవహించే చక్కెర అయిదు గ్రాములకు మించదు; అంటే ఒక చెంచాడు. ఒక పూట కడుపునిండ తిన్న అన్నం జీర్ణమై రక్తంలోకి పంపే చక్కెర దానికి పది రెట్లకు పైబడి ఉంటుంది. ఆ వరదను మళ్ళించే కాలువ కావాలి. కాలేయం కొంత దాచుకొంటుంది; కాని ఇన్సులిన్ ప్రేరణతో రక్తాన్ని వీడే చక్కెరలో అధికభాగం చేరేది కండరాలకే. కాలేయం సుమారు 100 గ్రాముల గ్లైకోజన్‌ను నిలువచేయగలిగితే, కండరాలన్నీ కలిసి సుమారు 400 గ్రాములు దాచుకోగలవు. డెల్టా ప్రజలకు ఉపమానం అక్కరలేదు: లాకు తలుపులు తెరుచుకోకపోతే గట్లు తెగుతాయి. కండరకణానికి కూడ అట్టి తలుపులున్నవి. ఇన్సులిన్ వచ్చి తట్టినప్పుడు అవి కణపు ఉపరితలానికి చేరి చక్కెరను లోనికి రానిస్తాయి. రెండవ రకం మధుమేహంలో ఇన్సులిన్ తట్టినా తలుపులు తగినంతగా తెరుచుకోవు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరాల్డ్ షుల్మన్ బృందం 1990లో ప్రకటించిన పరిశోధనలో, మధుమేహ రోగుల కండరాలలో గ్లైకోజన్ తయారయ్యే వేగం ఆరోగ్యవంతులలో కంటె సగానికి తక్కువగా కనిపించింది.

అయితే ప్రకృతి ఆ తలుపులకు రెండవ తాళంచెవిని కూడ సమకూర్చింది. కండరం సంకోచించినప్పుడు, ఇన్సులిన్ ప్రమేయం లేకుండానే అవి తెరుచుకొంటాయి. ఇన్సులిన్ మాట పెడచెవిని పెట్టే కండరం సైతం శ్రమ మాటను వింటుంది. నడక వలన చక్కెర తగ్గడంలోని రహస్యం ఇదే.

మధుమేహం పట్టణవాసుల రోగమనీ, పొలం పనులు చేసేవారి దరి చేరదనీ చాలకాలం ఒక నమ్మకం ఉండేది. ఉభయ గోదావరి జిల్లాల పల్లెలలో జరిగిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య అధ్యయనం ఆ నమ్మకాన్ని వమ్ముచేసింది. ఇరవై గ్రామాలలో ముప్పై ఏళ్ళు దాటిన నాలుగువేల అయిదువందల మందికి పైగా పరీక్షింపగా, వారిలో సుమారు 13 శాతం మందికి మధుమేహం ఉన్నట్లు తేలింది. 2006లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. దమ్ము చేసే అరకను ట్రాక్టరు, కొడవలిని కోత యంత్రం, సైకిలును మోటారు వాహనం తొలగించాయి. అన్నపు రాశి మాత్రం పళ్ళెంలో తగ్గలేదు. యంత్రం రావడం తప్పని నేను అనను. నడుము వంచి నాట్లు వేసినవారి బాధ తెలిసినవారెవరూ అనరు. కాని యంత్రం మోసిన బరువు మేరకు కండరానికి పని తగ్గినదని మరువరాదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి, 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం మన దేశంలో మధుమేహ రోగుల సంఖ్యను పది కోట్లకు పైగా అంచనా వేసింది.

సన్నగా ఉన్నవారు తమకు భయం లేదనుకోవడం కూడ పొరపాటే. పుణె వైద్యుడు యాజ్ఞిక్, ఆంగ్ల వైద్యుడు యూడ్కిన్ ఎత్తు–బరువుల నిష్పత్తిలో సరిసమానులు. అయినను యాజ్ఞిక్ శరీరంలో కొవ్వు 21 శాతం, యూడ్కిన్ శరీరంలో 9 శాతం ఉన్నట్లు పరీక్షలో తేలింది. 2004లో వారిద్దరూ తమ ఛాయాచిత్రంతో సహా దీనిని ప్రకటించారు. బరువు తూచే యంత్రం కండను, కొవ్వును వేరుచేసి చెప్పదు కదా!

ఇక మన ప్రాచీనుల మాట. ప్రమేహ కారణాలను చెబుతూ చరకుడు సుఖంగా కూర్చుండడాన్ని, సుఖంగా నిద్రించడాన్ని, పెరుగును, కొత్త ధాన్యాన్ని, బెల్లపు వంటకాలను పేర్కొన్నాడు. సుశ్రుతుడు ఇంకను ముందుకు వెళ్ళాడు. ధనము, బంధువులు లేని ప్రమేహ రోగి గొడుగు, చెప్పులు లేకుండ భిక్షాన్నంతో నూరు యోజనాలు నడవాలనీ, లేదా బావి త్రవ్వాలనీ విధించాడు. కండర కణపు తలుపుల సంగతి ఆయనకు తెలియదు. తెలిసినదని వాదించడం ఆయనకు గౌరవం కాదు. రోగిని ఏళ్ళ తరబడి పరిశీలించిన వైద్యుని చూపు అది. అంతటి చూపుకు ఆ గొప్ప చాలును.

నూరు యోజనాలు నడవనక్కరలేదని ఆధునిక పరిశోధన చెబుతున్నది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ నాయకత్వాన మధుమేహపు అంచున ఉన్న 531 మందిని సుమారు మూడేళ్ళపాటు పరిశీలించారు. సాధారణ సలహాతో విడిచిన వర్గంలో 55 శాతం మందికి వ్యాధి సంక్రమించగా, ఆహార నియమంతోపాటు నడక వంటి శారీరక శ్రమను అలవరచుకొన్న వర్గంలో అది 39 శాతమే. ఈ ఫలితాలు కూడ 2006లోనే వెలువడ్డాయి. తగ్గుదల గణనీయమే, అయినను నడిచినవారిలోను నూటికి 39 మంది వ్యాధిగ్రస్తులైనారన్న సత్యాన్ని దాచరాదు. వంశపారంపర్యం, వయస్సు మన చేతిలో లేనివి.

శ్రమ వలన కండరానికి కలిగే చురుకు ఒకటి రెండు దినాలకు మించి నిలువదు. కనుకనే ఏడాదికొక పర్యాయం కొండనెక్కడం కంటె నిత్యం కళాశాలకు నడిచి వెళ్ళడం మేలైనది. ఇప్పటికే ఇన్సులినో, మాత్రలో వాడుతున్నవారు మాత్రం వైద్యుని సంప్రదించి శ్రమ ప్రారంభించాలి. చక్కెర హఠాత్తుగా పడిపోయే ప్రమాదం ఉన్నది.

అభ్యాసం

1. నీలిరంగు ఆలస్యంగా రావడం నుండి ఫిస్కే, సుబ్బారావులు గ్రహించినదేమి?
2. కండరకణపు తలుపులు ఏయే విధాలుగా తెరుచుకొంటాయి?
3. సుశ్రుతుని గురించి రచయిత అభిప్రాయాన్ని సమర్థిస్తూ గాని, ఖండిస్తూ గాని రాయండి.
4. మీ ఇంటి పెద్దలు మీ వయస్సులో చేసిన శారీరక శ్రమను వారినడిగి తెలుసుకొని, మీ దినచర్యతో పోల్చి ఒక పుటకు మించకుండ రాయండి.