కోటు కింద అస్థిపంజరం

ఎడిసన్, న్యూజెర్సీ
సెప్టెంబరు 14

చి.ల.సౌ. స్వాతికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్లో "హాలోవీన్ అక్టోబరు 31న కదా పెద్దమ్మా, ఇంకా నెలన్నర ఉంది" అన్నావు. ఇరవై ఏళ్ల కిందట నేనూ అలాగే అనుకున్నాను. మూడు రోజుల ముందు షాపుకెళ్తే మా వాడి సైజులో మిగిలింది ఒక్క అస్థిపంజరం వేషమే. పల్చటి గుడ్డ. ఆ సాయంత్రం చలికి వాడి పళ్లు టకటకలాడుతుంటే పైన కోటు తొడిగి మెడదాకా జిప్పు లాగాను. గుమ్మం గుమ్మానికీ "ఏం వేషం బాబూ?" అని అడిగేవాళ్లే. నాలుగో ఇంటి దగ్గర వాడు ఏడుపు లంకించుకున్నాడు: "నా ఎముకలు ఎవరికీ కనబడట్లేదమ్మా!"

అందుకే చెబుతున్నా. ఏ వేషం కావాలో బుజ్జిదాన్నే ఇప్పుడే అడుగు. రెండుసార్లు మనసు మార్చుకుంటుంది, మార్చుకోనీ. ఒక సైజు పెద్దది కొను, లోపల స్వెట్టరు పట్టాలి. పొడవెక్కువైతే మడిచి కుట్టు. అక్టోబరు మొదట్లోనే ఒకసారి వేసి మెట్లు ఎక్కించి దించు. మాస్కు వద్దు, చూపుకి అడ్డం. ముఖానికి రంగులైతే ముందురోజు చేతి మీద రాసి చూడు. ఆరు దాటగానే చీకటి, వీపున మెరిసే టేపు అతికించు. బళ్లోకి వేషంతో రానిస్తారో లేదో టీచరుని కనుక్కో, ఒక్కో బడిది ఒక్కో పద్ధతి.

గుమ్మడికాయకి మాత్రం తొందరపడకు. చెక్కిన కాయ వారం నిలవదు, 29న చెక్కు చాలు. లోపల కొవ్వొత్తి కాదు, బ్యాటరీ దీపం పెట్టు. ఐర్లండులో టర్నిప్ దుంపలకి ఇలా ముఖాలు చెక్కేవాళ్లట, వలస వచ్చాక ఇక్కడి గుమ్మడికాయ అందుకున్నారు. మనం దిష్టికి గుమ్మానికి బూడిద గుమ్మడి కట్టమూ? మీ అత్తగారికి అలా చెప్పు, ఇక పేచీ పెట్టరు. చెక్కడానికి తెచ్చే పెద్దకాయ పీచుపీచుగా ఉంటుంది, దప్పళానికి పనికిరాదు. దానికి చిన్న పై పంప్‌కిన్ తెచ్చుకో. గింజలు పారెయ్యకు, ఉప్పూ కారం పట్టించి వేయించు.

పిల్లలకి పెట్టేవి విడివిడిగా చుట్టిన చాక్లెట్లే అయి ఉండాలి. నీ సున్నుండలు ఎంత బాగున్నా ఆ తల్లులు తిననివ్వరు, నొచ్చుకోకు. వేరుశనగ పడని పిల్లలకి పెన్సిళ్లు, స్టిక్కర్లు వేరే గిన్నెలో ఉంచు. గుమ్మం ముందు నెమలికంఠం రంగు గుమ్మడికాయ ఉంటే అదే వాళ్లకి గుర్తు. బయటి లైటు వెలిగితే రమ్మని, ఆర్పితే వద్దని. బుజ్జిదానికీ ఇది నేర్పు.

ఇంతా చేశాక వాతావరణం మన మాట వినకపోవచ్చు. 2011లో అక్టోబరు 29న, ఇంకా ఆకులు రాలని చెట్ల మీద మంచు పడి కొమ్మలు విరిగాయి, రోజుల తరబడి కరెంటు లేదు. మరుసటేడు అదే తేదీకి శాండీ తుఫాను వస్తే గవర్నరే హాలోవీన్‌ని నవంబరు 5కి జరిపాడు. కుట్టి మడతపెట్టి ఉంచిన వేషానికి ఐదు రోజులు ఆగడం కష్టమేమీ కాదు.

ఆ అస్థిపంజరం నా దగ్గరే ఉంది. ఆ రాత్రే కూర్చుని, స్వెట్టరు పట్టేలా పక్కలు విప్పి కుట్టాను. తర్వాతి ఏడాదికి వాడికి పొడవు చాల్లేదు. బుజ్జిదాన్ని అడిగి చూడు, కావాలంటే రేపే పంపుతాను.

మీ పెద్దమ్మ