వెలుగు గీసిన రూపం
వెలుగుతో రూపం గీసే విద్య ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి పట్టణాలలో శుభలేఖలు అచ్చువేసే స్క్రీన్ ప్రింటింగ్ పనివారికి సుపరిచితమే. చట్రానికి బిగించిన సన్నని వలపై, కాంతికి మార్పు చెందే జిగురును పలుచగా పూసి, చీకటిలో ఆరబెడతారు. నల్లని అక్షరాలు గల పారదర్శక ఫిల్మును దానికి ఆనించి వెలుగు ప్రసరింపజేస్తారు. వెలుగు సోకిన జిగురు గట్టిపడుతుంది. అక్షరాల నీడలోనిది నీటికి కొట్టుకొనిపోతుంది. ఆ ఖాళీల గుండానే రంగు దిగుతుంది. నిదానం తెలియక ఎక్కువసేపు వెలుగు చూపితే సన్నని గీతలు పూడిపోతాయి. వరుని పేరులోని సున్న మాయం కావచ్చు!

కంప్యూటర్ చిప్పుల తయారీకీ మూలసూత్రమిదే. అయితే సిలికాన్ పలకపై పరచే పాలిమర్ పొర మందం తరచు మైక్రాన్‌కు, అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతుకు, లోపే ఉంటుంది. వాటిలో కొన్ని వెలుగు సోకిన చోటనే కరుగుతాయి. 13.5 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతితో గీసే నేటి గీతల నడుమ ఒక్క ధూళికణం పడినా చిప్పు పనికిరాకపోవచ్చు. శుభలేఖనైతే మరల అచ్చు వేసికొనవచ్చు.