పాడి ఆవుకు పిడుదుల జ్వరం

శంషాబాదు విమానాశ్రయ పరిసర గ్రామములలో సంకరజాతి ఆవును పెంచు గృహస్థులు థైలీరియాసిస్ అను వ్యాధిని గూర్చి తప్పక తెలిసికొనవలెను. దీనిని కలిగించు సూక్ష్మజీవి పిడుదుల కాటు ద్వారా పశువు శరీరములో ప్రవేశించి, ఎర్ర రక్తకణములను నశింపజేయును. దేశవాళీ పశువులు కొంతవరకు తట్టుకొనును. జెర్సీ, హోల్‌స్టీన్ సంకరజాతులు త్వరగా లొంగిపోవును.

లక్షణములు: జ్వరము 104 నుండి 106 డిగ్రీల వరకు ఉండుట, భుజము ముందరి గ్రంథులు వాచుట, కనురెప్పల లోపలి భాగము పాలిపోవుట, నెమరు మానుట, పాలు తగ్గుట.

చికిత్స: వేపనూనె పైపూత పిడుదులను కొంత దూరముగా ఉంచును. కాని రక్తములో చేరిన క్రిమిని ఇంటి కషాయములతో చంపజాలము. జ్వరము కనిపించిన నాడే పశువైద్యుని పిలిపించవలెను. తొలిదశలో బుపార్వాక్వోన్ సూదిమందు ఇచ్చినచో చాలవరకు ఆవు కోలుకొనును, ఆలస్యమైన ప్రాణాపాయము. మందు వాడిన పిదప పాలను ఎన్నాళ్ళు విడువవలెనో వైద్యుని అడుగవలెను.

నివారణ: పిడుదులు కొట్టపు గోడల పగుళ్ళలో దాగి గ్రుడ్లు పెట్టును. కనుక పగుళ్ళను పూడ్చవలెను. చెవులు, పొదుగు, తోక మొదలు ప్రతిదినము పరీక్షించవలెను. హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ ఈ వ్యాధికి రక్షావ్యాక్-టి అను టీకాను తయారుచేసినది. దానిని గూర్చియు వైద్యుని సంప్రదించునది.

ఈ వ్యాధి మనుష్యులకు సోకదు. భయము వలదు, జాప్యము అసలే వలదు.